లారీ చక్రానికి మర పోయిన స్టడ్డు



చిత్తూరు, పలమనేరు, కుప్పం, హోసూరు, తిరుత్తణి ప్రాంతాల్లో మన ప్రసంగాలు వినేవారిలో లారీ మీద బతికేవారు ఎందరో ఉన్నారు. నడిపేవారు కొందరు, సరుకు పంపేవారు కొందరు, ఇంటి మనిషి లారీ మీద పోతే రాత్రంతా దారి చూస్తూ కూర్చునేవారు కొందరు. ఈ రోజు చెప్పబోయే విషయం వారందరికీ సంబంధించినదే. విషయం చిన్నది, బొటనవేలంత లావు ఇనుప ముక్క. దాన్ని చక్రం స్టడ్డు అంటారు. హబ్బుకు బిగించి ఉంటుంది. దాని మీదికి చక్రం ఎక్కిస్తారు, పైన నట్టు బిగిస్తారు. ఆ స్టడ్డుకు మర పోతే ఏం చేయాలి, ఎలా తీయాలి, కొత్తది ఎలా వేయాలి అన్నది చెప్పుకుందాం.

కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం కోయంబత్తూరు సింగనల్లూరు దగ్గర ఒక లారీ షెడ్డులో కూర్చుని ఉన్నాను. షెడ్డు యజమాని వయసు మళ్లిన మనిషి. ఆయన ముత్తాతల కాలం నుంచీ ఆ కుటుంబం అక్కడే ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అప్పుడే ఒక లారీ వచ్చి ఆగింది. మదనపల్లె టమోటాలు. సగం సరుకు కోయంబత్తూరులో దించేశారు, తక్కిన సగం తెల్లవారేసరికి మదురై చేరాలి. డ్రైవరు ఇరవై అయిదేళ్ల కుర్రవాడు. దారిలో టైరు పంక్చరైతే ఎవరి దగ్గరో వేయించుకున్నాడట. ఆ తర్వాత ఎడమవైపు వెనక చక్రంలో ఒక నట్టు ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది, బిగుసుకోవడం లేదు.

పెద్దాయన ఒకసారి నట్టు పట్టుకుని తిప్పి చూసి, "మరై పోయింది తంబీ" అన్నాడు.

మనం మర అంటాం, తమిళంలో మరై అంటారు. తమిళంలో తిక్కగా మాట్లాడే మనిషిని మరై ఊడినవాడు అనడం కూడా ఉంది. కోయంబత్తూరు తెలుగులో ఈ రెండు మాటలూ కలిసిపోయాయి. ఏది ఎక్కడినుంచి వచ్చిందని అక్కడ ఎవరూ అడగరు.

"తొమ్మిది ఉండాయి గదా మామా, మదురైకి పోయినంక చూసుకుంటాలే" అన్నాడు కుర్రవాడు. టమోటాలు ఆగే సరుకు కాదు, అతని తొందర అతనిది. పెద్దాయన బదులు చెప్పలేదు. ఒక చిన్న సుత్తి తీసుకుని తక్కిన తొమ్మిది నట్ల మీద ఒక్కొక్కటే తట్టాడు. ఏడు టంగుమన్నాయి. మర పోయినదానికి అటూ ఇటూ ఉన్న రెండు మాత్రం చచ్చు చప్పుడు చేశాయి. "తొమ్మిది కాదు, ఏడు" అన్నాడు.

ఆ లెక్క ఎందుకలా వచ్చిందో తెలియాలంటే స్టడ్డు చేసే పని ఏమిటో తెలియాలి. అంతకుముందు ఆ ఊరి సంగతి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఇలాంటి పనివాళ్లు అక్కడ ఎందుకు ఉన్నారో దానివల్ల తెలుస్తుంది.

తమిళదేశంలో తెలుగువారి ఊళ్లు నిన్న మొన్నటివి కావు. మదురైలో విశ్వనాథ నాయకుడి పాలన 1529 ప్రాంతంలో మొదలైంది. ఆ కాలంలోనూ, అంతకు కొంత ముందూ వెనకా, విజయనగర సైన్యాలతో, వాటి వెనక నాగళ్లతో, వేలాది కుటుంబాలు దక్షిణానికి వెళ్లాయి. కోయంబత్తూరు చుట్టూ నల్లరేగడి నేలల్లో పత్తి పండించారు. పత్తి ఉన్నచోటికి మిల్లులు వచ్చాయి. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్సు పెట్టారు. 1930లలో నీలగిరుల్లోని పైకారా నుంచి కరెంటు వచ్చింది. మిల్లులతో బాటు మర పని, పోత పని, మోటారు పని పెరిగాయి.

మోటారు పని అంటే జి.డి. నాయుడుగారిని తలుచుకోవాలి. సూలూరు వైపు కళంగల్ అనే పల్లెలో 1893లో తెలుగు ఇంట పుట్టారు. బడి చదువు పెద్దగా లేదు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి నుంచి పళనికి తామే నడిపారు. అది పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది.  మదురై వైపు చూస్తే, టి.వి. సుందరం అయ్యంగారు 1912లో తంజావూరు, పుదుక్కోట మధ్య బస్సు నడిపారు. తర్వాత మదురై కేంద్రంగా ఆ సంస్థ పెరిగింది. ఆయన తెలుగువారు కారు. కాని ఆ కుటుంబం వారి సుందరం ఫాస్టెనర్స్ 1966 నుంచి మద్రాసు దగ్గర పాడిలో గట్టి ఉక్కు బోల్టులు తయారుచేస్తున్నది కనుక మన కథకు చుట్టమే. ఇంత మోటారు చరిత్ర ఉన్న రెండు ఊళ్ల మధ్య దారి మీద పోతున్నాడు మన మదనపల్లె కుర్రవాడు.

ఇక స్టడ్డు సంగతికి వద్దాం.

లారీ బరువంతా స్టడ్ల మీద మేకుకు తగిలించిన చొక్కాలాగా వేలాడుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. స్టడ్డు మేకు కాదు, స్ప్రింగు. నట్టు బిగించినప్పుడు స్టడ్డు కొద్దిగా సాగుతుంది. సాగిన స్టడ్డు తిరిగి పొట్టిదవాలని లాగుతుంది. ఆ లాగుడుకు చక్రం పళ్లెం హబ్బు ముఖానికి అదుముకుంటుంది. అలా అదుముకున్న రెండు ముఖాల మధ్య రాపిడి పుడుతుంది. బ్రేకు వేసినా, గుంతలో పడినా, మలుపు తిరిగినా, చక్రాన్ని జారకుండా పట్టుకునేది ఆ రాపిడే.

ఎంత బలం అంటారా? 22 మిల్లీమీటర్ల స్టడ్డు, సన్న మర అనుకుందాం. అలాంటి నట్టును సుమారు 60 నుంచి 70 కిలోగ్రామ్ మీటర్ల బిగువుతో బిగిస్తారు. కిలోగ్రామ్ మీటరు అంటే, ఒక మీటరు పొడవున్న రాడ్డు చివర ఒక కిలో బరువు వేలాడదీసినంత. కనుక 65 అంటే, మీటరు రాడ్డు చివర 65 కిలోల మనిషి కదలకుండా నిలబడినంత. ఆ బిగువుకు ఒక్కొక్క స్టడ్డు దాదాపు 15 టన్నుల బలంతో చక్రాన్ని అదుముతుంది. పది స్టడ్లకు 150 టన్నులు. ఇంత బలానికి స్టడ్డు సాగేది ఎంతో తెలుసా? పట్టు పొడవు 5 సెంటీమీటర్లు అనుకుంటే, మిల్లీమీటరులో పదో వంతు. అంటే ఒక కాగితం మందం.

ఈ కాగితం మందం మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు పది స్టడ్లలో ఒకటి పట్టు వదిలిందనుకోండి. తక్కిన తొమ్మిదీ ఆ బరువును సమానంగా పంచుకుంటాయా? పంచుకోవు. పక్కన ఉన్న రెండిటి మీదే ఎక్కువ పడుతుంది. అక్కడ పళ్లెం హబ్బు మీద సన్నగా కదలడం మొదలుపెడుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ రెండు స్టడ్లు వంగి లేస్తాయి. తీగను అటూ ఇటూ వంచి విరిచినట్టు, వేల సార్లు వంగేసరికి వాటికీ బీట పడుతుంది. అందుకే నిపుణులు చెప్పే నియమం ఇది: ఒక స్టడ్డు విరిగితే దానితో బాటు అటొకటి, ఇటొకటి, మొత్తం మూడు మార్చాలి. ఒకే చక్రంలో రెండు విరిగితే అన్నీ మార్చాలి. పెద్దాయన "ఏడు" అన్నది అందుకే. సుత్తితో తట్టి చూడడం ఒక గుర్తు మాత్రమే, అదే కొలత కాదు. కాని చెవి పండిన మనిషికి ఆ గుర్తు చాలా చెబుతుంది.

మర ఎందుకు పోతుంది? ఈ బండికి పోయిన కారణం చాలా మామూలుది. నట్టును చేత్తో నాలుగు చుట్లు ఎక్కించకుండా, వంకరగా పెట్టి ఎయిర్ గన్నుతో కొట్టించారు. మర మీద మర ఎక్కి తినేసింది. ఇంకో కారణం, అతి బిగువు. పానా చివర మీటరున్నర పైపు తొడిగి, దాని మీద ఎగిరి ఎగిరి తొక్కేవాళ్లను చూశాం కదా. ఇందాక చెప్పిన లెక్కకు అది రెట్టింపు బిగువు. స్టడ్డు స్ప్రింగులాగా సాగడం దాటి జంతికల పిండిలాగా సాగిపోతుంది, ఇక వెనక్కి రాదు. బిగువు తక్కువైనా ముప్పే. వదులు నట్టు ఊగి ఊగి మరను అరగదీస్తుంది, చక్రం రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారం చేస్తుంది. నట్టు చుట్టూ తుప్పు చారలు పూల రెక్కల్లా బయటికి కారి ఉంటే, లేదా లోహం కొత్తగా మెరుస్తూ కనిపిస్తే, అక్కడ కదలిక ఉందని అర్థం.

ఇక విప్పడం. సమతల నేల మీద బండి ఆపి, హ్యాండు బ్రేకు వేసి, తక్కిన చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. నట్లు వదులు చేయడం చక్రం నేల మీద ఉండగానే, తలా అర చుట్టు. ఆ తర్వాతే జాకీ. జాకీ ఇరుసు కింద పెట్టి లేపి, స్టాండు మీద దించాలి. జాకీ మీద నిలబడిన బండి కింద తల పెట్టకూడదు. ఈ మాట ప్రతి మెకానిక్కూ చెబుతాడు, ప్రతి మెకానిక్కూ ఒక్కోసారి తప్పుతాడు.

రింగు రిమ్ములున్న బండ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. రిమ్ము మీద గానీ రింగు మీద గానీ బీట, దెబ్బ అనుమానం ఉంటే, నట్లు ముట్టుకోక ముందే జంట చక్రాలు రెండిటికీ వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలేయాలి. గాలి ఉన్న టైరు మీద నుంచి రింగు ఎగిరితే మనిషి మిగలడు. కొత్త బండ్లలో ట్యూబు లేని టైర్లు, ఒకే ముక్క రిమ్ములు వచ్చాయి గాని, రింగు రిమ్ములు ఇంకా రోడ్ల మీద చాలా తిరుగుతున్నాయి.

పాత బండ్ల విషయంలో ఇంకో మాట. చాలా పాత బండ్లలో ఎడమవైపు చక్రాల మర ఎడమచేతి మర. మామూలుగా విప్పే వైపు తిప్పితే అది ఇంకా బిగుస్తుంది. స్టడ్డు కొసన ఎల్ అనే ఇంగ్లీషు అక్షరం కొట్టి ఉంటుంది, మసి తుడిచి చూడాలి. ఎడమ చక్రాలు తిరిగే దిశకు కుడిచేతి మర నట్టు వదులయ్యే స్వభావం ఉందని అలా చేశారు. తర్వాత వచ్చిన బండ్లలో రెండువైపులా ఒకే మర పెట్టడం ఎక్కువైంది. కాబట్టి ఎడమవైపు నట్ల మీద ఇప్పుడు ఒక కన్ను ఎక్కువ వేసి ఉంచడం మంచిది.

నట్టు తిరుగుతూ రాకుండా ఉంటే, జబ్బు రెండు రకాలు. పెద్దాయన స్టడ్డు కొసన సుద్దతో ఒక గీత గీశాడు. తర్వాత నట్టు తిప్పాడు. గీత కదలలేదు, నట్టు మాత్రం తిరిగింది. అంటే మర పోయింది. గీత కూడా నట్టుతో బాటు తిరిగితే మర బాగానే ఉన్నట్టు, హబ్బులో స్టడ్డు పట్టు వదిలినట్టు. స్టడ్డు మెడ దగ్గర నిలువుగా సన్న గాడులు ఉంటాయి. అవి హబ్బు రంధ్రంలో కొరికి పట్టుకుంటాయి. ఆ కొరుకు పోయిందన్నమాట. రెండో జబ్బు మొదటిదానికంటే చెడ్డది. ఎందుకో తర్వాత చెబుతాను.

మర పోయిన నట్టును తీయడానికి మొదటి ఉపాయం, నట్టు వెనక సన్న గడ్డపార కొసో ఇనుప చీలికో దూర్చి బయటికి లాగినట్టు పట్టి, అదే సమయంలో తిప్పడం. మిగిలిన ఒకటి రెండు మరలు దొరికితే నట్టు నడిచి బయటికి వస్తుంది. రాకపోతే నట్టు పగలగొట్టే పనిముట్టు ఉంది. అదీ లేకపోతే నట్టు ఒక పక్కన డ్రిల్లుతో రెండు మూడు రంధ్రాలు వేసి, ఉలితో చీల్చాలి. స్టడ్డు ఎలాగూ పారేసేదే, దాని మీద జాలి అక్కర్లేదు. చక్రం రంధ్రానికి దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలు.

"గ్యాసు పెట్టి కోసేస్తే రెండు నిమిషాల పని గదా మామా" అన్నాడు కుర్రవాడు.

ఆ మాటకు మాత్రం పెద్దాయన పని ఆపి తిరిగి చూశాడు. శ్రోతలు ఇది శ్రద్ధగా వినాలి. టైరు ఎక్కి ఉన్న చక్రం మీద గ్యాసు మంటగానీ వెల్డింగుగానీ పెట్టకూడదు. రిమ్ము వేడెక్కితే లోపలి రబ్బరు వేడికి విడిపోయి, మండే ఆవిర్లు పుడతాయి. గాలి కూడా వేడికి ఉబ్బుతుంది. మంట తీసేసి అందరూ ఇంక భయం లేదనుకున్నాక కూడా టైరు బాంబులాగా పేలవచ్చు. గాలి తీసేశాం కదా అంటే కూడా చాలదు. టైరు రిమ్ము మీద ఉన్నంత సేపూ ఆవిరి చేరడానికి చోటు ఉన్నట్టే. ఇలా పేలి మనుషులు పోయిన సంఘటనలు దేశదేశాల్లో జరిగాయి. అరగంట ఆదా చేయడానికి ఆడే ఆట కాదు ఇది. పైగా వేడి తగిలిన హబ్బు ఉక్కు గుణం మారుతుంది, లోపలి గ్రీజు కరుగుతుంది, ఆయిలు సీలు కాలుతుంది.

పావుగంటలో నట్టు ఉలితో చీలిపోయింది. చక్రాలు దించారు. బయటి చక్రం పళ్లెంలో, ఆ స్టడ్డు దగ్గరి రంధ్రం వేలు పెడితే తెలిసేంత కోలగా అరిగి ఉంది. దాన్ని పక్కన పడేసి, స్టెప్నీ వాడమన్నాడు. అరిగిన రంధ్రంలో ఎంత మంచి స్టడ్డు వేసినా నట్టు సరిగ్గా కూర్చోదు.

స్టడ్డు తల హబ్బు అంచు వెనకవైపు ఉంటుంది. కాబట్టి చాలా బండ్లలో డ్రమ్ముతో సహా హబ్బు బయటికి రావాలి. వెనక చక్రమైతే ముందు ఇరుసులోని షాఫ్టు బోల్టులు విప్పి షాఫ్టు లాగాలి, తర్వాత లాకు నట్టు, బేరింగు. బేరింగులు ఏది లోపలిదో ఏది బయటిదో గుర్తు పెట్టి శుభ్రమైన గుడ్డ మీద ఉంచాలి. బ్రేకు దుమ్మును గాలి పైపుతో ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తులకు విషం. తడి గుడ్డతో తుడవాలి. తిరిగి వేసేటప్పుడు ఆయిలు సీలు కొత్తది వేయాలి, బేరింగు బిగువు కంపెనీ పుస్తకం చెప్పినట్టు సరిచూడాలి. ఆ పని గురించి వేరే ప్రసంగమే కావాలి, ఇక్కడ వదిలేస్తాను.

హబ్బులోంచి స్టడ్డు తీయడానికి సరైన సాధనం హైడ్రాలిక్ ప్రెస్సు. స్టడ్డు తల పట్టేంత లోపలి కొలత ఉన్న మందపాటి పైపు ముక్కను హబ్బు అంచు వెనక, సరిగ్గా ఆ స్టడ్డు తల చుట్టూ ఆనించి, ముందు నుంచి నొక్కాలి. ఆ ఆసరా లేకుండా నొక్కినా, సమ్మెటతో కొట్టినా, హబ్బు అంచు వంగుతుంది. పోత ఇనుమైతే వెంట్రుకంత బీట పడుతుంది, కంటికి కనబడదు. ప్రెస్సు లేని చోట సమ్మెట తప్పనిసరైతే, అదే పైపు ఆసరా పెట్టి, కంచు కడ్డీ ఆనించి, నిట్టనిలువుగా గట్టి దెబ్బ వేయాలి. వంద చిన్న దెబ్బల కంటే సూటిగా పడిన రెండు దెబ్బలు నయం.

పాత స్టడ్డు వచ్చాక రంధ్రంలోకి లైటు వేసి చూడాలి. గాడుల అచ్చులు స్పష్టంగా ఉంటే హబ్బు బాగున్నట్టు. నున్నగా అరిగి ఉంటే, ఆ హబ్బు పని అయిపోయింది. కొందరు స్టడ్డు తలను హబ్బుకు వెల్డింగు చేసి పంపుతారు. ఆ వేడికి స్టడ్డు గట్టిదనం పోతుంది, హబ్బు పగులుతుంది. గీత తిరిగితే చెడ్డ జబ్బు అన్నది ఇందుకే. స్టడ్డు ఖరీదుతో పోయేది హబ్బు ఖరీదుకు వస్తుంది.

ఇక్కడ ఆ రాత్రి అసలు పేచీ వచ్చింది. ఆ బండికి సరిపడే స్టడ్లు దగ్గరి దుకాణంలో లేవు. కుర్రవాడు ఎదురుగా ఉన్న లేతు షాపు చూపించాడు. "కోయంబత్తూరులో లేతు మీద కానిది ఏముంది మామా? కడ్డీ తీసుకుని మూడు స్టడ్లు కోయించు." నిజమే, ఆ ఊళ్లో పంపు సెట్టు నుంచి మిల్లు కదురు దాకా లేతు మీదే పుట్టాయి. కాని పెద్దాయన ఒప్పుకోలేదు. "లేతు మంచిదే, కడ్డీ మంచిది కాదు" అన్నాడు.

దాని లెక్క ఇది. లారీ స్టడ్డు తల మీద 10.9 అని అంకె కనిపిస్తుంది. ముందున్న 10 అంటే, చదరపు మిల్లీమీటరుకు దాదాపు 100 కిలోల లాగుడు దాకా తెగదని. చుక్క తర్వాతి 9 అంటే, అందులో తొమ్మిది పదో వంతుల దాకా సాగి తిరిగి వస్తుందని. బజారులో దొరికే మెత్తటి ఉక్కు కడ్డీ అయితే చదరపు మిల్లీమీటరుకు పాతిక కిలోల దగ్గరే శాశ్వతంగా సాగిపోతుంది. అదే 22 మిల్లీమీటర్ల స్టడ్డు దానితో చేస్తే 8 టన్నుల దగ్గర చేతులెత్తేస్తుంది. మనకు కావలసింది 15 టన్నులు. అంటే నట్టు సరిగ్గా బిగిసే లోపే ఆ స్టడ్డు చెడిపోతుంది, బయటికి మాత్రం కొత్తగా మెరుస్తూ ఉంటుంది. ఇంకొకటి, కంపెనీ స్టడ్డు మరను కోయరు, అచ్చుల మధ్య దొర్లించి ఒత్తుతారు. ఉక్కులోని పోగులు తెగకుండా మరతో బాటు వంగుతాయి. లేతు మీద కోసిన మరలో ఆ పోగులు తెగుతాయి, బీట అక్కడే మొదలవుతుంది. షెడ్డు కుర్రవాణ్ణి సైకిలు మీద ఇంకో దుకాణానికి పంపారు. వాడు వచ్చేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో మన డ్రైవరు టమోటా బుట్టల చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు.

కొత్త స్టడ్డును పాతదాని పక్కన పెట్టి చూడాలి. పొడవు, మర, గాడుల దగ్గరి మందం, తల ఆకారం అన్నీ ఒకటిగా ఉండాలి. వేసేటప్పుడు గాడులు పాత అచ్చుల్లో కలిసేలా వేలితో తిప్పి కుదిర్చి, ప్రెస్సుతో నొక్కాలి. తల హబ్బు అంచుకు పూర్తిగా ఆనాలి, మధ్యలో సన్న రేకు కూడా దూరకూడదు. చాలా షెడ్లలో పాత నట్టు, మందపాటి వాషర్లు పెట్టి, పానాతో తిప్పి స్టడ్డును లోపలికి లాగేస్తారు. అలా లాగితే కొత్త మర మొదటి రోజే అలిసిపోతుంది. కొత్త స్టడ్డుకు కొత్త నట్టు. అరిగిన నట్టు కొత్త మరను కూడా తినేస్తుంది.

చక్రం ఎక్కించే ముందు హబ్బు ముఖం, పళ్లెం ముఖాలు ఇనుప బ్రష్షుతో గీకి శుభ్రం చేయాలి. తుప్పు, మట్టి, మందంగా వేసిన రంగు ఏదీ ఉండకూడదు. కాగితం మందం అన్నాను కదా, ఇక్కడే దాని అవసరం. స్టడ్డు సాగింది కాగితం మందం మాత్రమే. మధ్యలో అంతే మందం రంగు ఉండి, నాలుగు గుంతలకు అది నలిగిపోతే, స్టడ్డు సాగుడంతా పోయినట్టే. నట్టు ఒక్క చుట్టు కూడా తిరగకుండా, చూడడానికి బిగువుగానే ఉంటూ, చక్రం వదులవుతుంది.

నట్లన్నీ ముందు చేత్తోనే ఎక్కించాలి. చేత్తో ఎక్కని నట్టును పానాతో ఎక్కించడమంటే, ఈ కథ మళ్లీ మొదటికి వస్తుంది. తర్వాత ఎదురెదురుగా బిగించాలి. పైనొకటి, కిందొకటి, ఎడమనొకటి, కుడినొకటి. వరసగా చుట్టూ బిగిస్తే పళ్లెం ఒక వైపు కూర్చుని ఇంకో వైపు లేస్తుంది. ఒకేసారి పూర్తి బిగువు కాకుండా, మూడు విడతలుగా. చివరి విడత టార్క్ రెంచితోనే. ఎయిర్ గన్ను ఎంత బిగించిందో దానికే తెలియదు. టార్క్ రెంచి లేనివారు మీటరు రాడ్డు, తమ బరువు లెక్క గుర్తుంచుకోవచ్చు, కాని తూగకూడదు, ఎగరకూడదు. నేను చెప్పిన 60, 70 అంకెలు 22 మిల్లీమీటర్ల స్టడ్డుకు. మీ బండికి కంపెనీ పుస్తకంలో ఉన్న అంకే ప్రమాణం.

నూనె రాయాలా వద్దా అన్నది షెడ్లలో పెద్ద వాదం. పానా మీద మనం పెట్టే బలంలో చాలా భాగం మర రాపిడికే ఖర్చవుతుంది. నూనె రాస్తే రాపిడి తగ్గుతుంది, అదే బిగువుకు స్టడ్డు మీద లాగుడు మూడో వంతు దాకా పెరగవచ్చు. కొన్ని రకాల చక్రాలకు, వాషరు కలిసి ఉండే నట్లకు, మర కొసన రెండు చుక్కల నూనె వేయమని కంపెనీయే చెబుతుంది. గుండ్రటి ముఖం నట్లు గిన్నెలా తొలిచిన రంధ్రంలో కూర్చునే పాత రకానికి పొడిగానే బిగించమంటారు. కాబట్టి పుస్తకం చూడండి. రెండింటిలో దేనికైనా గ్రీజు పూయడం మాత్రం తప్పు.

రాత్రి పన్నెండున్నరకు లారీ తయారైంది. మూడు కొత్త స్టడ్లు, మూడు కొత్త నట్లు. బయలుదేరే ముందు పెద్దాయన పానా తీసి కుర్రవాడి చేతిలో పెట్టి, "పళనిలో ఆపు. పది నట్లూ మళ్లీ బిగించి చూడు. అప్పుడే మదురై" అన్నాడు. కోయంబత్తూరు నుంచి పొల్లాచ్చి మీదుగా పళని నూరు కిలోమీటర్లకు కొంచెం పైన. కొత్తగా వేసిన చక్రాన్ని 80 నుంచి 160 కిలోమీటర్ల లోపల మళ్లీ బిగించాలని నియమం. ముఖాలు ఒకదానికొకటి నలిగి సర్దుకునేది ఆ మొదటి దూరంలోనే. పొల్లాచ్చి నుంచి పళని దాకా జి.డి. నాయుడుగారు 1920లో బస్సు నడిపిన దారే అది.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డుకు ఫోను వచ్చింది. పళనిలో టీ కొట్టు ముందు ఆపి చూశాడట. కొత్త నట్లు మూడూ, పాతవాటిలో ఒకటీ, ఇంకా పావు చుట్టు దాకా తిరిగాయట. మదురైకి రెండు గంటలు ఆలస్యంగా చేరాడు. టమోటా ధర అప్పటికే కొంత దిగింది. ఆ సంగతి మాత్రం కొంచెం కోపంగానే చెప్పాడని పెద్దాయన నవ్వుతూ అన్నాడు.